ఆన్‌లైన్ ఫ్రీలాన్సింగ్: కొత్తగా మొదలుపెట్టేవారు తెలుసుకోవలసినవి

షోలాపూర్ పూర్వభాగంలోని తెలుగు కుటుంబాలకు ఇంటి నుంచి చేసే పని కొత్త కాదు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో తరతరాలుగా స్థిరపడ్డాయి. మగవారు మగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తుంటే, ఆడవారు కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకొని ఇంటి అరుగు మీద బీడీలు చుట్టేవారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నాసిరకమని పక్కన పడేసిన కట్టలకు కూలి ఉండదు. పని ఇంట్లో జరిగినా, కొలత మాత్రం కార్ఖానా గుమ్మం దగ్గరే జరుగుతుంది.

ఆ ఇళ్లలో పుట్టి డిగ్రీలు చదువుకున్న పిల్లలు నేడు మరో రకం ఇంటిపని వైపు చూస్తున్నారు. కంప్యూటరు ముందు కూర్చొని, దేశవిదేశాల వ్యక్తులకూ సంస్థలకూ పని చేసిపెట్టి, పనికి తగిన ప్రతిఫలం పొందడమే ఆన్‌లైన్ ఫ్రీలాన్సింగ్. పుణె, ముంబయి నగరాలకు వలస పోకుండా, పెద్దవారిని విడిచిపెట్టకుండా సంపాదించుకోవచ్చన్న ఆశ దీని వెనుక ఉంది. ఆ ఆశ నిరాధారమైనది కాదు. అయితే ఇది నెల జీతం వచ్చే ఉద్యోగం కాదన్న సంగతి మొదటే గ్రహించాలి. ఇది కూడా పనికి కూలి పద్ధతే. ఇక్కడా మధ్యవర్తి ఉన్నాడు, కోత ఉంది, నచ్చలేదని పని తిప్పికొట్టే అవకాశం ఉంది. పని ఎవరిస్తున్నారు, కొలత ఎవరి చేతిలో ఉంది, కూలి ఎప్పుడు చేతికందుతుంది, అందులో కోత ఎంత? బీడీ కార్ఖానా గుమ్మం దగ్గర అమ్మ, అమ్మమ్మ అడిగిన ఈ నాలుగు ప్రశ్నలనే ఇక్కడా అడిగేవారు సులువుగా మోసపోరు.

వేదికలు ఎలా పనిచేస్తాయి?

పని ఇచ్చేవారినీ పని చేసేవారినీ ఒకచోట కలిపే వెబ్‌సైట్లను ఫ్రీలాన్సింగ్ వేదికలు అంటారు. కొత్తవారికి ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: అప్‌వర్క్, ఫైవర్, ఫ్రీలాన్సర్ డాట్ కామ్. వీటిలో నమోదుకు రుసుము లేదు. వాటి పద్ధతులు మాత్రం వేరు.

అప్‌వర్క్‌లో పని కావలసినవారు ప్రకటన పెడతారు. పని చేయగలిగినవారు ప్రతిపాదనలు పంపుతారు. ప్రతి ప్రతిపాదనకూ ‘కనెక్ట్స్’ అనే టోకెన్లు ఖర్చవుతాయి. ఉచితంగా ఇచ్చినవి అయిపోతే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందువల్ల కనిపించిన ప్రతి ప్రకటనకూ ప్రతిపాదన పంపడం జేబుకు చిల్లు. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లోనూ ఇదే తరహాలో పోటీ ధరలు పలకాలి. ఫైవర్ పద్ధతి దుకాణం వంటిది. చేయగలిగిన పనిని, దాని ధరను, గడువును ముందే ప్రకటించి కూర్చుంటే, కావలసినవారు వచ్చి ఎంచుకుంటారు.

వేదికలు తమ సేవకు కమిషన్ తీసుకుంటాయి. ఫైవర్ ప్రతి పనిపై 20 శాతం తీసుకొని 80 శాతం పనివారికి ఇస్తుంది. అప్‌వర్క్ ఒకప్పుడు 10 శాతం తీసుకునేది. 2025 నుంచి ఒప్పందాన్ని బట్టి అది 15 శాతం దాకా ఉండవచ్చు. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో మొత్తం ధర కుదిరిన పనులకు 10 శాతం లేదా 5 డాలర్లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కోత. ఆ కోత పనిని అంగీకరించిన క్షణంలోనే లెక్కలో పడుతుంది. సొమ్ము చేతికి వచ్చేదాకా ఆగదు. ఈ రేట్లు మారుతుంటాయి కనుక, పని ఒప్పుకునే ముందు ఆనాటి రేటును వేదిక సహాయ పుటలో ఒకసారి సరిచూసుకోవాలి.

ఏ పనితో మొదలుపెట్టాలి?

‘ఏ పనైనా చేస్తాను’ అని రాసుకున్నవారికి ఏ పనీ రాదు. ఒక పనిని ఎంచుకొని, దానినే స్పష్టంగా చెప్పాలి. షోలాపూర్ యువతకు ఇంట్లోనే కొన్ని పెట్టుబడులు ఉన్నాయి. వాటిలో మొదటిది భాష. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, పక్కింట్లో కన్నడ వింటూ పెరిగినవారికి అనువాదం, వీడియోలకు ఉపశీర్షికలు, మాటను అక్షరంలోకి మార్చే పని, గొంతు అరువిచ్చే పని అందుబాటులో ఉంటాయి. ఇక్కడ ఒక నిజాయితీ అవసరం. మరాఠీ మాధ్యమంలో చదివిన అనేకులు తెలుగు చక్కగా మాట్లాడగలరు గాని తప్పులు లేకుండా రాయలేరు. అటువంటివారు తెలుగు విని మరాఠీలో రాసే పనిని చేపట్టి, ఆ వ్యవధిలో తెలుగు రాత నేర్చుకోవడం మేలు. రాని నైపుణ్యాన్ని ప్రొఫైల్‌లో రాసుకుంటే మొదటి పనిలోనే పరువు పోతుంది.

రెండవది నేత. దుప్పటి అంచులూ జకార్డ్ నమూనాలూ చూస్తూ పెరిగినవారు కంప్యూటరుపై వస్త్ర నమూనాలు గీయడం నేర్చుకుంటే, ఆ కంటికున్న అనుభవం ఇతరులకు సులభంగా అబ్బదు. తువ్వాళ్లు, దుప్పట్లు ఎగుమతి చేసే నగరం కనుక, వస్తువుల ఫొటోలు తీర్చిదిద్దడం, ఆన్‌లైన్ దుకాణాలకు వస్తు వివరాలు రాయడం కూడా మంచి ఆరంభాలే. వాణిజ్యం చదివినవారికి లెక్కల నిర్వహణ, కంప్యూటరు చదువు చదివినవారికి వెబ్‌సైట్ల తయారీ ఉన్నాయి.

సాధారణ డేటా ఎంట్రీ, మక్కీకి మక్కీ అనువాదం వంటి పనులను కృత్రిమ మేధ పరికరాలు క్షణాల్లో చేసి పెడుతున్నాయి. అందువల్ల ఆ పనులకు ధర పడిపోయింది. యంత్రం చేసిన అనువాదంలో తప్పు పట్టి, సందర్భానికి తగినట్టు దిద్దగలిగినవారికి ఇంకా గిరాకీ ఉంది.

ప్రొఫైల్, నమూనాలు, ప్రతిపాదన

అనుభవం లేనివారిని పని ఇచ్చేవారు ఎందుకు నమ్మాలి? దీనికి జవాబు నమూనా పనులు. ఎవరూ అడగకుండానే మూడు నమూనాలు సిద్ధం చేసుకోవాలి. బంధువుల చీరల దుకాణానికి పది వస్తువుల వివరాలు రాసి ఇవ్వవచ్చు. అయిదు నిమిషాల బహిరంగ ప్రసంగానికి ఉపశీర్షికలు రాయవచ్చు. తెలిసిన సంస్థకు ఒక పుట వెబ్‌సైటు తయారు చేయవచ్చు. ఇవి అభ్యాసం కోసం చేసినవని స్పష్టంగా చెప్పాలి. ఇతరుల పనిని తనదిగా చూపితే ఖాతా మూతపడుతుంది.

ప్రొఫైల్‌లో పేరు, ప్రభుత్వ గుర్తింపు పత్రంలోని పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు ఒకటిగా ఉండాలి. పెళ్లయ్యాక ఇంటి పేరు మారిన స్త్రీలకు ఇక్కడే చిక్కు వస్తుంది. పాన్‌లో ఒక పేరు, ఆధార్‌లో మరొక పేరు ఉంటే, ఖాతా తెరవకముందే సరిచేయించుకోవాలి. సంపాదించిన తరువాత సొమ్ము మధ్యలో ఆగిపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

ప్రతిపాదన చిన్నదిగా ఉండాలి. ప్రకటనను పూర్తిగా చదివినట్టు మొదటి వాక్యంలోనే తెలియాలి. ‘మీ తువ్వాళ్ల జాబితాలో నలభై వస్తువులకు మరాఠీ వివరాలు కావాలని చదివాను. వస్త్ర పరిశ్రమ ఉన్న నగరంలో పుట్టి పెరిగాను. ఈ నాణ్యత పదాలు నాకు పరిచితం. మచ్చుకు మీ మొదటి రెండు వస్తువులకు వివరాలు రాసి జతపరిచాను. నలభైకి నాలుగు రోజులు పడుతుంది.’ ఈ అయిదు వాక్యాలు, రెండు పుటల స్వోత్కర్ష కంటే ఎక్కువ పని చేస్తాయి. అయితే మచ్చు రెండు వస్తువులకే పరిమితం కావాలి. నలభై వస్తువులూ ‘పరీక్ష’ పేరుతో ఉచితంగా రాయమంటే, అది పరీక్ష కాదు, వెట్టి.

ధర ఎలా నిర్ణయించాలి?

మొదటి పనుల కోసం కొంత తగ్గించడం సహజమే. కానీ లెక్క చూడకుండా తగ్గించకూడదు. ఉదాహరణకు ఫైవర్‌లో 20 డాలర్ల పని దొరికిందనుకోవచ్చు. కమిషన్ పోగా 16 డాలర్లు మిగులుతాయి. డాలరు 85 రూపాయల చొప్పున లెక్కిస్తే 1,360 రూపాయలు. నగదు మార్పిడిలోనూ బ్యాంకు రుసుముల్లోనూ కొంత పోతుంది. 1,300 చేతికి వస్తుందనుకోవచ్చు. పనికి ఆరు గంటలు, ఉత్తర ప్రత్యుత్తరాలకు ఒక గంట, సవరణలకు మూడు గంటలు పడితే మొత్తం పది గంటలు. గంటకు 130 రూపాయలు. ఇందులోనుంచే కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు పోవాలి.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేది సవరణల కాలం. అందుకే ‘రెండు సవరణలు ఉచితం, ఆపై అదనం’ అని ముందే రాయాలి. పని లేని రోజుల్లో ప్రతిపాదనలు పంపడానికి పట్టే కాలాన్ని కూడా ధరలో కలుపుకోవాలి. అయిదు మంచి సమీక్షలు వచ్చిన వెంటనే ధరను కొంత పెంచడం ఆనవాయితీ కావాలి. ఒకసారి తక్కువ ధరకు అలవాటుపడిన గిరాకీని తరువాత మార్చడం కష్టం.

సొమ్ము చేతికి వచ్చే దారి

మొత్తం ధర కుదిరిన పనుల్లో, పని ఇచ్చినవారు సొమ్మును ముందుగా వేదిక వద్ద జమ చేస్తారు. దీనిని ఎస్క్రో అంటారు. పని అందాక అది విడుదలవుతుంది. ఆ జమ కనిపించేదాకా పని ప్రారంభించకూడదు. పెద్ద పనిని మూడు, నాలుగు దశలుగా విడగొట్టి, దశ దశకూ జమ ఉండేటట్టు చూసుకోవాలి. గంటల లెక్కన చేసే పనుల్లో అప్‌వర్క్‌వారి డెస్క్‌టాప్ అప్లికేషన్ పని వేళను నమోదు చేస్తుంది. మధ్య మధ్య తెర చిత్రాలనూ తీస్తుంది. ఆ వేళలో సొంత బ్యాంకు పుటలు, కుటుంబ ఫొటోలు తెరిచి ఉంచరాదు.

పని పూర్తయిన రోజే సొమ్ము అందదు. అప్‌వర్క్‌లో పనిని పరిశీలించడానికి 14 రోజుల గడువు ఉంటుంది. విడుదలయ్యాక మరో అయిదు రోజులు నిలిపి ఉంచుతారు. ఫైవర్‌లో కొత్తవారికి పని ముగిశాక 14 రోజులు ఆగవలసి ఉంటుంది. అంటే నెల మొదట చేసిన పని డబ్బుతో ఆ నెల ఇంటి అద్దె కట్టవచ్చని ఆశ పెట్టుకోకూడదు.

అమెరికా పౌరులు కానివారు అప్‌వర్క్‌లో డబ్ల్యూ-8బీఈఎన్ అనే పన్ను పత్రాన్ని నింపాలి. తాను అమెరికాలో పన్ను చెల్లింపుదారు కానని తెలిపే ప్రకటన అది. విదేశీ సొమ్ము ఖాతాలో పడేటప్పుడు ఏ పనికి వచ్చిందో తెలిపే ప్రయోజన సంకేతం అవసరమవుతుంది. దానిని సరిగా ఎంచుకొని, సొమ్ము రాకను ధ్రువీకరించే పత్రాన్ని బ్యాంకు లేదా చెల్లింపుల సంస్థ నుంచి ప్రతిసారీ తీసుకొని భద్రపరచాలి. పేపాల్ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో దేశీయ చెల్లింపులను నిలిపివేసింది. కనుక ఇక్కడి ఖాతాదారులు దానిని విదేశీ సొమ్ముకు మాత్రమే వాడగలరు.

మోసాలను పసిగట్టడం

కొత్తవారి ఆతురతే మోసగాళ్లకు పెట్టుబడి. తరచుగా కనిపించే మోసాలు ఇవి.

మొదటిది, ఫారాలు నింపే పని. ‘వారంలో అయిదు వందల ఫారాలు నింపితే వేల రూపాయలు’ అని ప్రకటిస్తారు. ఆధార్ నకలు, సంతకం తీసుకొని ఒప్పందం రాయించుకుంటారు. గడువు ముగిశాక తప్పులు ఉన్నాయని చెప్పి, నష్టపరిహారం కట్టమని, లేకుంటే కోర్టు కేసని న్యాయవాది పేరుతో నోటీసు పంపుతారు. భయపడి, పరువు పోతుందని నగలు కుదువపెట్టి చెల్లించేవారు ఉంటారు. ఫోనులోనో వాట్సాప్‌లోనో వచ్చే ఇటువంటి బెదిరింపు కోర్టు ఉత్తర్వు కాదు. ఒక్క రూపాయి కూడా చెల్లించకుండా, అన్ని సందేశాలనూ దాచి, ఇంట్లోవారికి చెప్పి, పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

రెండవది, ‘టాస్క్’ మోసం. టెలిగ్రామ్ బృందంలో చేర్చి, వీడియోలకు లైకులు కొట్టిస్తారు. మొదట రెండు మూడు వందలు నిజంగానే ఇస్తారు. నమ్మకం కుదిరాక, ఎక్కువ లాభానికి ముందుగా డబ్బు కట్టమంటారు. ఆ డబ్బు ఇక వెనక్కి రాదు. పనివారు డబ్బు తీసుకోవాలి గాని కట్టకూడదన్న ఒక్క సూత్రం ఈ మోసాలలో చాలావాటిని ఆపుతుంది. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన అవసరం లేదు. పిన్ అడిగితే ఖాతా నుంచి సొమ్ము పోతున్నట్టే.

మూడవది, ఖాతాను అద్దెకు అడగడం. ‘మీ ఖాతా ఇవ్వండి, పని మేము చేసుకుంటాం, నెలకు ఇంత ఇస్తాం’ అని వేదికలోని ఖాతానో, బ్యాంకు ఖాతానో అడుగుతారు. దొంగ సొమ్ము ఆ ఖాతా గుండా పోతే, పోలీసుల ముందు నిలబడవలసింది ఖాతాదారే.

నాలుగవది, వేదిక వెలుపలికి పిలవడం. కమిషన్ మిగులుతుందని చెప్పి పనిని వాట్సాప్‌కు మారుస్తారు. అక్కడ ఎస్క్రో రక్షణ ఉండదు; నియమం ఉల్లంఘించినందుకు ఖాతా కూడా పోవచ్చు.

మోసపోయినట్టు తెలిసిన వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి, లేదా ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా తెలిపితే, సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు ఆగడమే అసలు నష్టం.

పన్నులు, భద్రత

ఫ్రీలాన్సింగ్ రాబడి విదేశం నుంచి వచ్చినా, భారతదేశంలో నివసించేవారికి ఇక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. అది జీతం కాదు. వృత్తి లేదా వ్యాపార ఆదాయం. చట్టం పేర్కొన్న కొన్ని వృత్తులవారు మొత్తం రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే సరళమైన పద్ధతిని ఎంచుకోవచ్చు. చేసే పని ఆ జాబితాలోకి వస్తుందో రాదో లెక్కల నిపుణుణ్ణి అడిగి తెలుసుకోవాలి. సేవలు అందించేవారికి మహారాష్ట్రలో వార్షిక రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు అవసరం. తొలి రోజుల్లో ఆ స్థాయి రాకపోయినా, ప్రతి పనికీ బిల్లు, తేదీ, వచ్చిన సొమ్ము, కోసిన కమిషన్ ఒక పుస్తకంలో రాయడం మొదటి రోజు నుంచే అలవరచుకోవాలి. చిన్న సంస్థగా గుర్తింపు కోరేవారు ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు కావచ్చు. అది పూర్తిగా ఉచితం. దానికి రుసుము అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

ఇక్కడ బీడీ కార్మికుల చరిత్ర మళ్లీ గుర్తుకు రావాలి. ఇంటి వద్ద బీడీలు చుట్టేవారు కూడా కార్మికులేనని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం గుర్తించింది. గుర్తింపు కార్డు, భవిష్యనిధి వంటి హక్కులు వారికి క్రమంగా దక్కాయి. ఆన్‌లైన్ ఫ్రీలాన్సర్‌కు పని ఇచ్చినవారు భవిష్యనిధి కట్టరు. జబ్బుపడితే సెలవు లేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను, వేదికల కార్మికులను చట్టంలో నిర్వచించింది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ఫలాలు అందేదాకా ఎవరి భద్రతను వారే కూర్చుకోవాలి. ప్రతి రాబడిలో పదో వంతును తాకకుండా పక్కన పెట్టడం, కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోవడం, పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లో ఏడాదికి కనీసం 500 రూపాయలైనా జమ చేయడం ఇందుకు మొదటి మెట్లు.

మొదటి మూడు నెలలు

ఉన్న ఉద్యోగాన్ని వదిలి ఇందులోకి దూకడం తగదు. మొదటి నెల ఒక నైపుణ్యం సానపట్టడానికి, నమూనాల తయారీకి, పత్రాలు సరిచేసుకోవడానికి. రెండవ నెల వారానికి అయిదారు ప్రతిపాదనలు, ప్రతిదీ ఆ ప్రకటనకే రాసినది. మూడవ నెల దొరికిన చిన్న పనిని గడువుకు ముందే, చెప్పినదానికంటే శుభ్రంగా చేసి ఇవ్వడానికి. మూడు నెలలూ ఒక్క పని రాకపోవచ్చు. అటువంటప్పుడు మార్చవలసింది ప్రతిపాదనా, ధరా, నైపుణ్యమా అని పరిశీలించాలి.

ఇంట్లోవారి సహకారం కూడా ఇందులో భాగమే. రాత్రి పదింటికి విదేశీ గిరాకీతో మాట్లాడుతున్న అమ్మాయి ఫోనుతో కాలక్షేపం చేస్తున్నదని పెద్దవారు అనుకోవచ్చు. పనివేళలు, రాబడి పుస్తకం వారికి చూపి, వివరించాలి. వెయ్యి బీడీలు చుట్టి కట్టలు లెక్కపెట్టిన అమ్మకు పనికి కూలి అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. లెక్క ఎక్కడ తప్పుతున్నదో, ఎవరి మాట నమ్మరాదో బహుశా ఆమే ముందుగా పసిగట్టగలదు.